దుబాయి దాక ఉరికిన ఒంటె

కరుణాకర్‌రావు ఆ పొద్దు మంథనిల బస్సెక్కింది లైన్ల నిలబడేటందుకే, కని కరీంనగర్‌ల దిగి ఆ లైన్‌ను చూసినంక ఆయన కాళ్లు అటు పోలే.

పోలీసు ఆఫీసు ముందట షామియానా ఏసిన్రు. ఒంటెపాల కంపెనీల పైసలు పోగొట్టుకున్నోళ్లు దరఖాస్తులు ఇచ్చేటందుకు అదే ఆఖరి దినం. సిరిసిల్లల సాంచెల మీద బట్ట నేసేటోళ్లు, బీడీలు చేసే ఆడోళ్లు, కూరగాయలమ్మేటోళ్లు, మొఖాలకు దస్తీలు కట్టుకున్న ఇద్దరు ముగ్గురు పంతుళ్లు, అందరు ఎండల ఒకల ఎనుక ఒకలు నిలబడి ఉన్నరు. నిలబడలేనోళ్లు తమ చెప్పులనో సంచినో లైన్ల పెట్టి నీడకు పోయిన్రు. కరుణాకర్‌రావు ఇస్త్రీ తెల్లంగి ఏసుకున్నడు, నల్లద్దాలు పెట్టుకున్నడు. తన తాత ముందట కూసునేటందుకు భయపడ్డోళ్ల మనుమలు, మనుమరాండ్లు ఆ లైన్ల ఉన్నరు. ఇప్పుడు తను పోయి వాళ్ల చెప్పుల ఎనుక నిలబడాలె.

పొద్దుగాల ఆయన పెండ్లాం ప్రమోదిని తలుపు కాడికి వచ్చి ఒక్కటే మాట చెప్పింది. "దరఖాస్తు ఇచ్చి వస్తెనే తలుపు తీస్త. లేకుంటె ఏదన్న ఒంటెను చూసుకోని దానితోటే ఉండుండ్రి." బతుకంత బడిపిల్లలను అదుపుల పెట్టిన టీచరమ్మ, మొగణ్ని గూడ గదే గొంతుతోటి పంపింది.

ఆ మాట చెవుల మోగుతనే ఉన్నది గని, కాళ్లు మాత్రం రోడ్డు దాటి ఎదురుంగ ఉన్న వెంకటేశ్ చాయ హోటల్లకు నడిచినయ్. ఒక్క చాయ తాగి పోదాం అనుకున్నడు.

హోటల్ల బల్ల మీద ఇద్దరు కూసోని ఉన్నరు. ఒకడు బాలమల్లు, సిరిసిల్లల సాంచె నడుపుతడు, రాత్రి పని దిగి నిద్ర లేకుంట ఇటే వచ్చిండు. ఇంకొకామె శంకరవ్వ, వేములవాడ గుడి ముందట కొబ్బరికాయలమ్ముతది. ఆమె సంచి లైన్ల ఉన్నది, కాళ్లు గుంజుతున్నయని ఆమె ఇక్కడ ఉన్నది. వెంకటేశ్‌కు ఆ కంపెనీతోటి ఏ సంబంధం లేదు. లైన్ ఎంత పొడుగుంటె ఆయనకు అంత గిరాకి.

బాలమల్లు తన ఫోన్ల ఒక ఒంటె ఫోటో చూపెడుతున్నడు. మరుసుధ కంపెనీ యాపారం గదే. రాజస్థాన్‌ల నీ పేరు మీద ఒంటెను కొంటరట, దాని పాలు పిండి పొడి చేసి దుబాయికి పంపుతరట, లాభం నెలనెలా నీ ఖాతల ఏస్తరట. పైసలు కట్టినోళ్లకు వాళ్ల ఒంటె ఫోటో ఫోన్లకు వచ్చేది, మెడల పూలదండ, నొసట బొట్టు. మొదట్ల కొన్ని నెలలు పైసలు మంచిగనే పడ్డయ్, పక్కింటోళ్లు చూసి ఆశపడేటంత మంచిగ. గా తర్వాత ఆఫీసుకు తాళం పడ్డది, చైర్మన్ ఏడికి పోయిండో ఎవలకు ఎరుక లేదు. షామియానా కింద ఫోన్లు పక్కపక్కన పెట్టి చూసుకుంటె అందరి ఒంటెకు గదే దండ, గదే బొట్టు, ఎడమ చెవికి గదే చీలిక. జిల్లాలన్నిటికి కలిపి ఒక్కటే ఒంటె.

"మేము దీనికి లచ్చిమి అని పేరు పెట్టుకున్నం," అన్నడు బాలమల్లు. అని, లోపటికి వస్తున్న కరుణాకర్‌రావును చూసి జరిగి చోటిచ్చిండు. "కూసోండ్రి రావు సాబ్. మిమ్ముల కంపెనీ పెట్టిన హైదరాబాద్ మీటింగుల చూసిన. మీరు సుత బాధితులేనా?"

బాధితులు అన్న మాట కరుణాకర్‌రావుకు గొంతుల చేపముల్లు దిగినట్టయింది.

"నేనా?" అన్నడు. "నాకు గన్ను లైసెన్సు పనుండి వచ్చిన."

ఆయనకు గన్ను లేదు. వాళ్లింట్ల ఆఖరి గన్ను తాత కాలంలనే పోయింది.

"అయితె మీ పైసలు పోలేదా?"

"నా పైసలు ఎట్ల పోతయ్? నేను పోయి తెచ్చుకున్న."

అక్కడికి ఆపితె అయిపోతుండె. చాయ తాగి, నెమ్మదిగ పోయి లైన్ల కలిసిపోతుండె. కని బాలమల్లు గిలాసను కింద పెట్టి, "ఎట్ల తెచ్చుకున్నరు?" అని అడిగిండు. అడిగినోని కండ్లు నిద్ర లేక ఎర్రగున్నయ్, ఆ ఎర్రకండ్లల్ల ఆశ కనబడ్డది. ఒకడు గట్ల చూసినంక కరుణాకర్‌రావు ఆగే మనిషి కాదు.

"ఎట్లనంటె, ఆఫీసు బంద్ అయిందని తెల్వంగనే హైదరాబాద్ పోయిన. గేటు ముందట జనం జాతరోలె ఉన్నరు, అరుస్తున్నరు, ఏడుస్తున్నరు. నేను అరవలే. ఊకె నిలబడ్డ. వాచ్‌మన్ నన్ను చూసి, మీరు మంథని రావు సాబ్ గదా, మీరెందుకు గీ ఎండల, అని చిన్న గేటు తీసిండు."

"మిమ్ముల ఎట్ల గుర్తు పట్టిండు?" అన్నడు వెంకటేశ్, చాయ వడగట్టుకుంట.

"మనిషిని చూస్తె తెలుస్తదయ్యా. లోపటికి పోయిన. చైర్మన్ నన్ను చూసి కుర్చీల నుంచి లేచిండు. చాయ తెప్పిచ్చిండు. నీ చాయ నాకెందుకు, నా పైసలు ముందట పెట్టు అన్న. గంతే, వాని చేయి వణుకుడు మొదలైంది, ఆ చేతిల కప్పు సాసరు మీద టకటక కొట్టుకుంటుంటె ఆ సప్పుడు కింద గేటు కాడున్నోళ్లకు సుత వినబడ్డది. గా తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"ఏమైంది?"

"బాత్‌రూముకు పోయొస్త అని పోయిండు, ఎనుక కిటికీల నుంచి దుంకిండు. ఎటు పోయిండు? రాజస్థాన్. వాడు పోయేటాల్లకు నేను ఆడ ఉన్న."

"వానికన్న ముందుగనా?" అన్నడు వెంకటేశ్.

"వాడు విమానంల పోయిండు. విమానమంటె దానికి టైముంటది, లేటుంటది. నాకేమున్నది? నడుమ మాట్లాడకు, నాకు లెక్క తప్పుతది. ఆడ ఇసుకల ఒంటెలు ఎట్లున్నయంటె, మన ఊర్లె వాకిట్ల కోళ్లు తిరిగినట్టు తిరుగుతున్నయ్."

బాలమల్లు కొంచెం ముందుకు వంగిండు. "మా లచ్చిమి కనబడ్డదా?"

"కనబడకేంది? ఎడమ చెవి చీలికుంటది గదా. నీ పేరు చెప్పంగనే దాని కండ్లల్ల నీళ్లు తిరిగినయ్."

"మంచిగున్నదా?"

అది అబద్ధమని బాలమల్లుకు తెల్వనిది కాదు. తెలిసి సుత అడుగుతున్నడు. "మంచిగున్నది," అన్నడు కరుణాకర్‌రావు. "జర బక్కగైంది, గంతే."

బాలమల్లు తల ఊపి చాయ తాగిండు. శంకరవ్వ కొంగుతోటి మెడ తుడుచుకున్నది. లైన్లకెల్లి ఇంకిద్దరు ముగ్గురు చెప్పులు ఆడ ఇడిచిపెట్టి వచ్చి హోటల్ కట్ట కాడ నిలబడ్డరు. కరుణాకర్‌రావు నల్లద్దాలు తీసి జేబుల పెట్టుకున్నడు. ఎన్ని నెలలైంది నలుగురు మనుషులు తన మొఖం దిక్కు గిట్ల చూసి. ఇంట్ల ప్రమోదిని అన్నం పెడుతది గని మొఖం చూస్తలేదు. మాట దానంతట అదే ఉరికింది.

"అప్పటికే చైర్మన్ ఇసుకల ఒక చిన్న విమానం ఆపుకోని, నోట్ల సంచులు నింపుతున్నడు. నన్ను చూసిండు, ఎక్కి తలుపేసుకున్నడు. విమానం కదిలింది. నేనేం చేసిన? లచ్చిమి మీదికి ఎక్కిన. ఎక్కుడే ఆలస్యం, అది ఉరికింది చూడు, రెక్కలున్న విమానం ఎనుక పడ్డది, కాళ్లున్న ఒంటె ముందుకు పోయింది, నేను ఎనుకకు మర్రి చూస్తె విమానం నడిపేటోడు నాకు దండం పెడుతున్నడు. గప్పుడు విమానం పైకి లేచింది. ఒక చేత్తోటి దాని చక్రం పట్టుకున్న, ఇంకో చేతిల లచ్చిమి పగ్గం. ఇడిచిపెడుదామంటె పాపం, అది బాలమల్లు ఒంటె. ఇడువలే. ముగ్గురం పైకి పోయినం."

"ముగ్గురెవలు?"

"నేను, లచ్చిమి, విమానం. పోయిపోయి వేములవాడ మీదికి వచ్చినం. కింద రాజన్న గుడి కనబడ్డది. రెండు చేతులల్ల పని ఉన్నది గదా, తల వంచి మొక్కిన."

"ఎన్నడది?" అన్నది శంకరవ్వ. ఆమె నోరు తెరుసుడు అదే మొదలు. "సోమారమా?"

"సోమారమే అవ్వా."

"సోమారమంత నేను గుడి ముందటనే ఉంట. ఒంటె కనబడలే."

"మబ్బులుండె."

"ఆఁ," అన్నది శంకరవ్వ, నమ్మినట్టే.

కట్ట కాడ నిలబడ్డ ఒకాయన అడిగిండు, "రాజస్థాన్ నుంచి దుబాయికి పోవాలంటె వేములవాడ మీదికెల్లి పోతరా?"

"ఎవలు పోరు. అందుకే పోయిండు. ఎవలన్న ఎంబడి పడితె తొవ్వ తప్పాలె గదా. గదీ వాని తెలివి. ధర్మపురి కాడ గోదారి మీద ఎంత కిందికి దించిండంటె, లచ్చిమి కాళ్లు నీళ్లకు తాకినయ్, స్నానాలు చేసేటోళ్లు మునుగుడు ఆపి చూసిన్రు. ఆడికెల్లి సముద్రం. సముద్రం మీద నా చేయి గుంజబట్టింది. లచ్చిమికి ఏమనిపిచ్చిందో ఏమో, పగ్గం ఇడిపిచ్చుకోని నీళ్లల్ల దుంకింది. మునిగిందనుకున్న. ఏడ మునుగుతది? ఇసుకల దిగబడని కాలు నీళ్లల్ల దిగబడుతదా? అలల మీద నుంచి ఉరుక్కుంట నాకంటె ముందుగాల దుబాయి చేరి, ఆడ గట్టు మీద నిలబడి నా కోసం చూస్తున్నది."

జనం నవ్వుతున్నరు. బాలమల్లు సుత నవ్విండు. ఆ నవ్వు చూసి కరుణాకర్‌రావుకు ఇంకింత బలమొచ్చింది. ఇప్పుడు హోటల్ ముందట గుంపు రోడ్డు మీది దాక ఉన్నది. ఎనుక నిలబడ్డోళ్లకు మాట సక్కగ వినబడుతలేదు, ముందటోళ్లను ఏమన్నడు, ఏమన్నడు అని అడుగుతున్నరు.

"ఇగ దుబాయిల ఏమున్నది? చైర్మన్ దిగుడు దిగుడే నా కాళ్ల మీద పడ్డడు. ఆడి షేకులంత చుట్టు నిలబడి చూస్తున్నరు. నేనన్న, లే, లేచి సంచులు దించు. దించిండు. ఒక్క నా పైసలే తీసుకోని రావచ్చు. కని నాకు మన సిరిసిల్లోళ్లు యాదికొచ్చిన్రు, జగిత్యాలోళ్లు యాదికొచ్చిన్రు, ఆదిలాబాదోళ్లు యాదికొచ్చిన్రు. మొత్తం దించుమన్న. వాడు నా చేతులు పట్టుకోని, రావు సాబ్, గీ పైసలు నా దగ్గరుంటె పాపం, మీ దగ్గరుంటె పుణ్యం, అన్నడు. అన్ని సంచులు మంథనికి తెచ్చిన. మా ఇంట్ల వడ్ల గుమ్మిల పోసిన, మీదికెల్లి వడ్లు కప్పిన. ఇయ్యాలటికి గట్లనే ఉన్నయ్."

ఆ మాట అన్నంక ఆయనకు ఎంతో హాయిగనిపిచ్చింది. నిజంగనే ఇంట్ల గుమ్మి నిండ ఉన్నట్టు, తలుపు తీసి ప్రమోదిని నవ్వుతున్నట్టు కండ్ల ముందట మెరిసింది. చాయ గిలాస కోసం చేయి చాపిండు.

శంకరవ్వ లేచి నిలబడ్డది. కొంగు నడుముకు చుట్టుకున్నది.

"అయితె మా పైసలు నీ ఇంట్లనే ఉన్నయన్నట్టు," అన్నది.

కరుణాకర్‌రావు చేయి గిలాస మీద ఆగింది.

"మంచిగైంది దొరా. గీ ఎండల నిలబడుడు తప్పింది. మంథని బస్సు ఇప్పుడే ఉంటది గదా. నడువు, నేను నీతోటే వస్త."

మొఖంల నవ్వు లేదు. ఆమె నమ్మి అంటున్నదో నమ్మక అంటున్నదో ఆయనకు తెల్వలే. సాగదీసి నవ్వి, "అది కాదు అవ్వా," అన్నడు. శంకరవ్వ ఆ మాట వినకుంటనే లైన్ దిక్కు తిరిగి, "నా సంచి జర ఇటు ఇయ్యుండ్రి, నేను మంథని పోతున్న," అని గట్టిగ అన్నది.

"మంథనికెందుకు?" అని లైన్లకెల్లి అడిగిన్రు.

బాలమల్లు జవాబు చెప్పిండు. "మన పైసలు రావు సాబ్ ఇంట్ల వడ్ల గుమ్మిల ఉన్నయట."

ఆ మాట లైన్ పొడుగునా పోయింది. ఒంటె పోలే, విమానం పోలే, గుమ్మి ఒక్కటే పోయింది. లైన్ ఆఖర్ల నిలబడ్డోళ్లకు తెలిసిందల్ల, మంథనిల ఎవనో రావు ఇంట్ల పైసలు దొరికినయని. దస్తీలు కట్టుకున్న పంతుళ్లు దస్తీలు ఇప్పిన్రు. చెప్పులు ఏసుకోకుంటనే మనుషులు రోడ్డు దాటుతున్నరు. దగ్గరకొచ్చినోళ్ల మొఖాలల్ల నవ్వు లేదు. ఒకామె వచ్చి కరుణాకర్‌రావు ఇస్త్రీ అంగీ చెయ్యి పట్టుకోని నిలబడ్డది, ఇడువలే.

"ఊకె అన్న తల్లీ," అన్నడాయన. "ముచ్చట కోసమని అన్న."

ఆమె పట్టు ఇంకింత బిగిసింది.

అల్లరి విని ఎస్సై మమతారాణి ఇద్దరు కానిస్టేబుళ్లను ఎంటేసుకోని వచ్చింది. "ఎవరి ఇంట్లో ఉన్నాయి డబ్బులు?" అని అడిగింది. చూపుడువేళ్లన్ని ఒక్క దిక్కే తిరిగినయ్. షామియానా కింద బల్ల ముందట కరుణాకర్‌రావును నిలబెట్టిన్రు. నిలబడుడే ఇష్టం లేకనే గదా ఆయన హోటల్లకు పోయింది, ఇప్పుడు అందరికన్న ముందట నిలబడ్డడు.

"అవన్ని ఉత్త కోతలు మేడం," అన్నడు మెల్లగ.

"ఉత్త కోతలంటే ఎంత వరకు? మీ ఇంటికి జీపు పంపాలంటే నాకు తెలవాలి కదా. దుబాయి వెళ్లారా?"

"పోలే."

"రాజస్థాన్?"

"అటు దిక్కు నిజామాబాద్ దాటి పోలే."

"చైర్మన్ మీకు ఎట్లా తెలుసు?"

"మీటింగుల చూసిన. ముందట కుర్చీలు వీఐపీలకని ఎనుక కూసోబెట్టిన్రు. గంత దూరంల మొఖం సుత సక్కగ కనబడలే."

ఎనుక నుంచి ఎవలో ఫక్కుమని నవ్విన్రు. ఎస్సై నవ్వలే. "మరి ఆఫీసు గేటు తీశారంటున్నారు, లోపలికి వెళ్లారంటున్నారు."

కరుణాకర్‌రావు తల వంచుకున్నడు. ఒంటెను ఇడిచిపెట్టుడు సులువే అయింది, సముద్రాన్ని, విమానాన్ని ఇడిచిపెట్టుడు సులువే అయింది. గేటు కాడికి వచ్చేటాల్లకు నోరు రాలే.

"తీయలే మేడం," అన్నది శంకరవ్వ. "నేను ఆ దినం గేటు కాడనే ఉన్న. ఈనె నా పక్కకే ఫుట్‌పాతు మీద దస్తీ కప్పుకోని కూసున్నడు. వాచ్‌మన్ అందరినీ కట్టెతోటి ఎనుకకు నూకిండు, ఈనెను సుత నూకిండు. కండ్లు తిరిగి పడబోతె నా సీసల నీళ్లు నేనే తాగిచ్చిన."

కరుణాకర్‌రావు ఆమె దిక్కు చూసిండు. ఆ దినం నీళ్లు తాగింది యాదికున్నది. సీస యాదికున్నది. ఇచ్చిన మనిషి మొఖం మాత్రం చూడలే. చూసే అవసరముందనుకోలే.

"అయితె నీకు మొదటి సంది ఎరుకేనా అవ్వా?"

"ఎరుకే. ఎంత దూరం పోతవో చూద్దామనుకున్న. నువ్వు మా పైసలు నీ గుమ్మిల పోసుకునే దాక పోతివి." ఎస్సై దిక్కు తిరిగింది. "ఈనె అబద్ధాలోడు మేడం. దొంగ కాదు."

ఎస్సైకి గది చాలలే. ఇంటికి ఫోన్ చెయ్యమన్నది. అందరికి వినబడేటట్టు పెట్టమన్నది. ప్రమోదిని ఎత్తింది, మొత్తం విన్నది.

"గుమ్మి లేదు మేడం," అన్నది. "పొలమే లేనోళ్లకు గుమ్మి ఎందుకు? అది ఎప్పుడో అమ్మినం. కంపెనీల కట్టింది నా రిటైర్మెంటు పైసలు. నన్ను అడిగి కట్టలే, కట్టినంక చెప్పిండు. ఆ ఒంటె ఫోటోను నాకు చూపిచ్చి, గిది నీదే, అన్నడు. పేరు పెట్టుమన్నడు. దరఖాస్తు ఇచ్చిండా ఆయన?"

"ఇంకా లేదమ్మా."

"నాకు తెలుసు," అన్నది ప్రమోదిని, ఫోన్ పెట్టేసింది.

ఆ మాటకు గుంపుల ఒక్కలు నవ్వలే. అంగీ పట్టుకున్నామె చెయ్యి ఎప్పుడో ఇడిచిపెట్టింది. జనం మల్ల రోడ్డు దాటి ఎవల చెప్పులు వాళ్లు వెతుక్కుంటున్నరు, నా జాగ ముందట, నీ జాగ ఎనుక అని కొట్లాడుతున్నరు.

"దరఖాస్తు ఇవ్వాలంటే లైన్లో నిలబడండి," అన్నది ఎస్సై. "చివర్లో."

కరుణాకర్‌రావు పోయి ఆఖర్ల నిలబడ్డడు. బాలమల్లు ఎక్కడో ముందట ఉన్నడు, ఒకసారి ఎనుకకు మర్రి చూసి, మల్ల అటు తిరిగిండు. ఎండ సక్కగ నెత్తి మీదికి వచ్చింది. నల్లద్దాలు జేబులనే ఉన్నయ్, పెట్టుకోబుద్ధి కాలే.

ఆయన ముందట ఆదిలాబాద్ దిక్కు మనిషి ఒకాయన నిలబడి ఉన్నడు, నెత్తికి తువ్వాల కట్టుకున్నడు. అప్పుడే బస్సు దిగి వచ్చినట్టున్నది, జరిగిందేది ఆయనకు తెల్వదు. ఇస్త్రీ అంగీని, మొఖాన్ని ఎగాదిగ చూసి, "కాయ్ సాబ్, మీది సుత పోయిందా? ఎంత పోయింది?" అని మరాఠీ కలిసిన యాసల అడిగిండు.

కొత్త మనిషి, ఏమీ విననోడు. కరుణాకర్‌రావు నాలిక కదిలింది. గేటు కాడి వాచ్‌మన్ ముందుగాల వచ్చిండు నాలిక మీదికి, ఆయన ఎనుక చైర్మన్, ఆయన ఎనుక ఇసుక, అన్ని వచ్చి నిలబడ్డయ్, పిలుస్తె దుంకేటట్టు.

"మొత్తం పోయింది," అన్నడు.

ఆ మనిషి ఇంకేం అడుగలే. షామియానా నీడ జరంత పడ్డ కాడికి ఒక అడుగు జరిగి, పక్కకు చోటిచ్చిండు.